ఇద్దరికీ జీనోటైప్ 3 వచ్చిందంటే ఒకరి నుంచి ఒకరికి అంటినట్టేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీ అమ్మగారు హైదరాబాద్‌లో ఒక సెంటర్లో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఏడాదిన్నర క్రితం చేరినప్పుడు హెపటైటిస్ సి నెగెటివ్, మొన్నటి పరీక్షలో పాజిటివ్. అదే షిఫ్టులో పక్క బెడ్ పెద్దాయనకూ పాజిటివ్. ఇద్దరి రిపోర్టుల్లోనూ జీనోటైప్ (అంటే వైరస్ రకం) 3 అని ఉంది. ఇది అక్కడే అంటిందనడానికి రుజువా, హైదరాబాద్‌లో అసలు ఏ రకాలు తిరుగుతున్నాయి, చికిత్సకు ఈ జీనోటైప్‌తో ఏం పని అని అడిగారు.

సూటిగా చెప్తాను. జీనోటైప్ కలవడం రుజువు కాదు. మన దేశంలో అన్నిటికంటే ఎక్కువ కనిపించేదే జీనోటైప్ 3. ఊళ్లో ఎవరో ఇద్దరు పాజిటివ్ పేషెంట్లను తీసుకున్నా, ఇద్దరిదీ 3 అయ్యే అవకాశం బాగానే ఉంటుంది. అదే ఒకరిది 3, ఇంకొకరిది 1 అని సరైన పద్ధతిలో తేలితే మాత్రం ఆ ఇద్దరి మధ్య లంకె తెగిపోయినట్టే. అంటే ఈ పరీక్ష అనుమానాన్ని కొట్టేయడానికి పనికొస్తుంది, నిరూపించడానికి సరిపోదు. నిరూపించాలంటే ఇద్దరి వైరస్‌నూ అక్షరం అక్షరం చదివించి, ఈ నగరంలోనే వాళ్లతో సంబంధం లేని ఇతర పేషెంట్ల వైరస్‌లతో పోల్చాలి.

ఆ దారిన వెళ్లే ఆలోచన ఏమాత్రం ఉన్నా మందు మొదలుపెట్టకముందే శాంపిల్ దాచి పెట్టించండి. మాత్రలు మొదలైన కొన్ని వారాల్లోనే రక్తంలో వైరస్ కనబడకుండా పోతుంది. ఆ తర్వాత ఎంత పెద్ద ల్యాబ్‌కు పోయినా చదవడానికి ఏమీ మిగలదు. అలాగని దర్యాప్తు తేలేదాకా చికిత్స ఆపొద్దు. ఒక్కసారి రక్తం తీస్తే శాంపిల్ పని అయిపోతుంది, ఆ మర్నాటి నుంచే మాత్రలు వేసుకోవచ్చు.

ఇప్పుడు కారణాలు. హెపటైటిస్ సి వైరస్ జన్యువు ఆర్‌ఎన్‌ఏ, పొడవు దాదాపు 9,600 అక్షరాలు. దాన్ని నకలు తీసే ఎంజైమ్‌ను ఎన్‌ఎస్5బి అంటారు. నకలులో తప్పు పడితే వెనక్కి వెళ్లి దిద్దే శక్తి దానికి లేదు. ఇన్ఫెక్షన్ ఉన్న మనిషి ఒంట్లో రోజుకు లక్ష కోట్ల దాకా కొత్త వైరస్ కణాలు పుడతాయని అంచనా. అన్ని నకళ్లలో దిద్దని తప్పులు పేరుకుపోతే, ఒకే మనిషి రక్తంలోనే కాస్త కాస్త తేడాలున్న రూపాలు గుంపుగా తిరుగుతుంటాయి. ఇలా మనుషుల్లో చాలా కాలంగా వేరుపడుతూ వచ్చిన పెద్ద కొమ్మలే జీనోటైపులు. ఇప్పటికి ఎనిమిది గుర్తించారు. ఎనిమిదోది 2018లో బయటపడింది, అదీ కెనడాలో ఉంటున్న మన పంజాబ్ మూలాలున్నవాళ్లలో. రెండు జీనోటైపుల మధ్య 30 శాతానికి పైగా అక్షరాలు తేడా ఉంటాయి. 3ఏ, 3బి లాంటి ఉపరకాల మధ్య కూడా 15 శాతానికి పైనే. కాబట్టి ఇద్దరికీ 3 అంటే ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు అన్నట్టు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన ఒకే ఇంటివాళ్లు కారు కదా.

మీ అమ్మగారి రిపోర్టులో ఉత్త 3 అని ఉందా, 3ఏ, 3బి అని ఉపరకం కూడా ఇచ్చారా చూడండి. కింద చిన్న అక్షరాల్లో పరీక్ష పద్ధతి కూడా రాసి ఉంటుంది. వైరస్ జన్యువు మొదట్లో 5 ప్రైమ్ యూటీఆర్ అనే 340 అక్షరాల ముక్క ఉంటుంది. అన్ని రకాల్లోనూ అది దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే వైరస్ ఉందా లేదా, ఎంత ఉంది అని కొలవడానికి అది చక్కగా పనికొస్తుంది, ఉపరకం తేల్చడానికి మాత్రం అదే కారణంగా బలహీనం. ఆ ముక్క ఒక్కదాని మీదే ఆధారపడిన పాత కిట్లు జీనోటైప్ 6లో కొన్ని ఉపరకాలను 1 అని చూపించిన సంగతి ఈ రంగంలో అందరికీ తెలుసు. జన్యువులో కోర్ లేదా ఎన్‌ఎస్5బి అనే భాగాన్ని సీక్వెన్సింగ్ చేసి, అంటే అక్షరం అక్షరం చదివి ఇచ్చిన రిపోర్టునైతే ఎక్కువ నమ్మవచ్చు.

అసలు పోలిక ఎలా చేస్తారు

ఎన్‌ఎస్5బిలో సుమారు 340 అక్షరాల ముక్కను చదివారనుకోండి. ఈ భాగం ఏడాదికి ఒక్కో స్థానంలో వెయ్యికి ఒకటి, లేదా రెండు వేలకు ఒకటి చొప్పున మారుతుందని లెక్క. 340తో గుణిస్తే మూడు నుంచి ఆరేళ్లకు ఒక అక్షరం మారినట్టు. అంటే ఏడాది లోపు ఒకరి నుంచి ఒకరికి వెళ్లి ఉంటే ఇద్దరి ముక్కల్లో తేడా సున్నా, లేదా ఒకటి రెండు అక్షరాలు ఉండాలి. అదే ఏ సంబంధమూ లేని ఇద్దరు 3ఏ పేషెంట్ల మధ్య 5 శాతం అటూ ఇటూగా, అంటే పదిహేను ఇరవై అక్షరాల తేడా మామూలు విషయం. మీ అమ్మగారికీ ఆ పెద్దాయనకూ 18 అక్షరాల తేడా వచ్చిందనుకోండి, ఇద్దరిదీ 3ఏ అయినా సరే ఇటీవల ఒకరి నుంచి ఒకరికి వెళ్లలేదని ధీమాగా చెప్పవచ్చు.

తేడా తక్కువ వచ్చినప్పుడే చిక్కు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఇద్దరి సీక్వెన్సులను అంతర్జాతీయ డేటాబేస్‌లో ఉన్న అమెరికా, జపాన్, యూరప్ సీక్వెన్సుల పక్కన పెట్టి, ఏది దేనికి దగ్గరో చూపే వంశవృక్షం లాంటి చెట్టు గీస్తే, ఇద్దరూ ఒకే కొమ్మ మీద కూర్చుంటారు. అది చూసి రుజువైపోయిందని రాసేస్తారు. కానీ హైదరాబాద్‌లో ఏ ఇద్దరి 3ఏ తీసుకున్నా అమెరికా వాటితో పోలిస్తే దగ్గరగానే కనబడొచ్చు, ఎందుకంటే ఈ ప్రాంతంలో ముప్పై నలభై ఏళ్ల క్రితం పాకిన వంశం ఒకటే కావచ్చు. అందుకని అదే నగరానికి చెందిన, ఆ సెంటర్‌తో సంబంధం లేని కనీసం 20–30 మంది పేషెంట్ల సీక్వెన్సులు పోలికకు కావాలి. ఉపరకం కూడా అదే అయి ఉండాలి. ఆ ముప్పై మధ్యలో కూడా మీవాళ్లిద్దరూ విడిగా ఒక పొట్టి కొమ్మ మీద కలిసి, ఆ కొమ్మకు బూట్‌స్ట్రాప్ విలువ (లెక్కను పదే పదే మళ్లీ చేస్తే నూటికి ఎన్నిసార్లు అదే కొమ్మ వచ్చిందనేది) 90 దాటి వస్తే అప్పుడది బలమైన సాక్ష్యం. 70 లోపు వస్తే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

మరింత గట్టిగా తేల్చాలంటే వైరస్ పైతొడుగు భాగంలో హెచ్‌వీఆర్1 అనే చోటు చూస్తారు. 27 అమైనో ఆమ్లాల చిన్న ముక్క అది. మన రోగనిరోధక శక్తి నుంచి తప్పించుకోవడానికి వైరస్ అన్నిటికంటే వేగంగా మార్చుకునేది దాన్నే. దాన్ని కొత్త తరం సీక్వెన్సింగ్‌తో చదివితే ఒక్కొక్కరి రక్తంలో ఉన్న రూపాల గుంపంతా కళ్లకు కడుతుంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ తయారుచేసిన ఘోస్ట్ అనే పద్ధతిలో ఇద్దరి గుంపుల్లో అతి దగ్గరి రూపాల మధ్య తేడా 3.77 శాతం లోపు ఉంటే లంకె ఉన్నట్టు లెక్కిస్తారు. ఇంకో ఉపయోగమూ ఉంది. చాలా ఏళ్లుగా వైరస్ ఉన్నవాళ్ల రక్తంలో రూపాలు ఎక్కువ ఉంటాయి, కొత్తగా అంటినవాళ్లలో తక్కువ, ఎందుకంటే వాళ్లలోకి కొన్ని కణాలే దాటి ఉంటాయి. ఎటు నుంచి ఎటు పోయిందో ఊహించడానికి ఇది కొంత తోడ్పడుతుంది. కొంతే అంటున్నాను. ఆ ఇద్దరికీ మూడో మనిషి నుంచి అంటి ఉండొచ్చు, ఆ మూడో మనిషి ఇప్పటికే వేరే సెంటర్‌కు మారిపోయి ఉండొచ్చు, లేదా చనిపోయి ఉండొచ్చు. అందుకే నిజాయితీగా చేసే దర్యాప్తు ఆ సెంటర్లో ఆ కాలంలో ఉన్న పాజిటివ్ పేషెంట్లందరినీ లెక్కలోకి తీసుకుంటుంది, ఇద్దరితో ఆగదు.

శాంపిల్ ఎలా తీయాలి, ఎక్కడ చెడుతుంది

ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో 4–5 మి.లీ. రక్తం చాలు. ఆకుపచ్చ మూత ట్యూబు వాడనివ్వొద్దు. అందులో రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఉంటుంది, వైరస్ జన్యువును లక్షల నకళ్లు తీసి పట్టుకునే పీసీఆర్ పరీక్షను అది అడ్డుకుంటుంది. డయాలసిస్ పేషెంట్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. మెషిన్ ఎక్కాక లైన్‌లోంచి రక్తం తీస్తే ఆ రక్తంలోనే హెపారిన్ కలిసి ఉంటుంది. అప్పుడు ట్యూబు సరైనదైనా ఫలితం తప్పు రావచ్చు. వైరస్ తక్కువగా ఉన్నట్టు, ఒక్కోసారి లేనట్టే చూపిస్తుంది. సూది గుచ్చగానే, హెపారిన్ ఇవ్వకముందే శాంపిల్ తీయమని టెక్నీషియన్‌కు గుర్తుచేయండి.

తీసిన రక్తాన్ని ఆరు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్ చేసి ప్లాస్మా వేరుచేయాలి. దాన్ని అర మి.లీ. చొప్పున మూడు నాలుగు చిన్న ట్యూబుల్లో పోసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. ఒకే ట్యూబులో పెడితే వాడిన ప్రతిసారీ కరిగించి మళ్లీ గడ్డకట్టించాలి, ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోతుంది. వేరే ల్యాబ్‌కు పంపాలంటే డ్రై ఐస్‌లో పంపాలి. మామూలు ఐస్ ప్యాక్‌తో ఎండాకాలంలో నగరం ఈ కొస నుంచి ఆ కొసకు పంపిన శాంపిల్ మీద నాకు నమ్మకం ఉండదు. ట్యూబు మీద పేరు, తేదీతో పాటు తీసిన సమయం కూడా రాయించండి.

ల్యాబ్‌లో జరిగే పొరపాట్లలో అన్నిటికంటే ప్రమాదకరమైనది కలుషితం. రెండు శాంపిళ్లను ఒకే రోజు, ఒకే బల్ల మీద చేసి, ఒకదాని పీసీఆర్ ఉత్పత్తి రెండోదాంట్లోకి చుక్క పడితే రెండు సీక్వెన్సులూ అచ్చంగా ఒకటే వస్తాయి. సరిగ్గా మీరు అనుమానిస్తున్న ఫలితమే చేతికొస్తుంది, తప్పు కారణంతో. అందుకే సున్నా తేడా వచ్చినప్పుడు సంతోషపడకుండా, తెరవని రెండో ట్యూబు నుంచి వేరే రోజున మొదట్నించీ మళ్లీ చేయాలి. మరోటి, వైరల్ లోడ్ వెయ్యి ఐయూ కంటే తక్కువుంటే సీక్వెన్సింగ్‌కు సరిపడా ఆర్‌ఎన్‌ఏ దొరక్క రిపోర్టులో తేలలేదని వస్తుంది. దాన్ని వైరస్ లేదని చదవకూడదు. అరుదుగా ఒకే మనిషిలో రెండు జీనోటైపులు ఉంటాయి, ఎక్కువగా ఉన్నదొక్కటే రిపోర్టుకెక్కుతుంది. పదే పదే రక్తం ఎక్కించుకున్నవాళ్లలో, ఏళ్ల తరబడి డయాలసిస్‌లో ఉన్నవాళ్లలో దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

తేదీలు జన్యుక్రమమంత ముఖ్యం

చేరినప్పుడు నెగెటివ్ అన్నారు. ఏ పరీక్షలో నెగెటివ్? వేలికి గుచ్చి చేసే కార్డు టెస్టా, ఎలైజానా, ఆర్‌ఎన్‌ఏ పీసీఆరా? మొదటి రెండూ యాంటీబాడీని చూస్తాయి. వైరస్ ఒంట్లోకి వచ్చాక యాంటీబాడీ కనబడటానికి సాధారణంగా 8 నుంచి 11 వారాలు పడుతుంది. కిడ్నీ ఫెయిలైనవాళ్లలో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి ఇంకా ఆలస్యం కావచ్చు, కొందరిలో అసలు రాకపోవచ్చు. ఆర్‌ఎన్‌ఏ మాత్రం ఒకటి రెండు వారాల్లోనే దొరుకుతుంది. అంటే యాంటీబాడీ పరీక్ష ఒక్కటే చేసి చేర్చుకుని ఉంటే, మీ అమ్మగారు ఈ సెంటర్‌కు రాకముందే, మొదటిసారి డయాలసిస్ మొదలైన ఆసుపత్రిలోనో, మెడకు కాథెటర్ వేసినప్పుడో, డయాలసిస్ సూదుల కోసం చేతి రక్తనాళాలను కలిపే ఫిస్టులా ఆపరేషన్‌లోనో, రక్తం ఎక్కించినప్పుడో అంటి ఉండే అవకాశం మిగిలే ఉంటుంది.

ఒక కాగితం తీసుకుని ఇవి వరుసగా రాయండి: చివరి నెగెటివ్ తేదీ, ఆ పరీక్ష పేరు, మొదటి పాజిటివ్ తేదీ. మధ్యలో రక్తం ఎక్కించిన తేదీలు, ఆసుపత్రిలో చేరిన తేదీలు, పన్ను పీకించుకున్నది, బయట వేయించుకున్న ఇంజెక్షన్లు, ఏ రోజు ఏ మెషిన్ మీద ఉన్నారు, ముందు షిఫ్టులో ఆ మెషిన్ మీద ఎవరున్నారు. చివరి రెండూ సెంటర్ రిజిస్టర్లో ఉంటాయి.

నెలనెలా చేసే ఏఎల్‌టీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) రిపోర్టులు కూడా తీయండి, అది చాలా విషయాలు చెప్తుంది. డయాలసిస్ పేషెంట్లలో ఏఎల్‌టీ మామూలుగానే తక్కువ ఉంటుంది. ఎప్పుడూ 12, 14 ఉండే మనిషికి ఒక నెల 38 వస్తే ల్యాబ్ దాన్ని నార్మల్ అనే ముద్ర వేస్తుంది, ఎవరూ పట్టించుకోరు. కానీ ఆమె లెక్కన అది మూడింతలు. చాలా కేసుల్లో వైరస్ ఎప్పుడు వచ్చిందో చెప్పే తొలి గుర్తు ఆ ఒక్క అంకెలోనే ఉంటుంది.

హైదరాబాద్ సంగతి

ఇక్కడి నుంచి వచ్చిన అధ్యయనాల్లో ప్రధానంగా కనిపించేవి 3, 1. డెక్కన్ మెడికల్ కాలేజీ లివర్ పరిశోధన కేంద్రం వాళ్లు 2000ల ఆరంభంలోనే ఈ వైరస్ మీద పేపర్లు ప్రచురించారు. దేశం మొత్తం మీద చూస్తే ఉత్తరాన 3 మరీ ఎక్కువ, దక్షిణానికి వచ్చేకొద్దీ 1 వాటా పెరుగుతుంది. వెల్లూరు సీఎంసీ నుంచి 4 కూడా నివేదించారు. 6 ఎక్కువగా ఈశాన్య రాష్ట్రాల్లో ఉంది. మన నగరం ఈ దారులన్నీ కలిసే చోట ఉంది కాబట్టి ఇక్కడ వైవిధ్యం ఉండటంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఈ అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. దాదాపు అన్నీ పెద్దాసుపత్రుల్లో తీసిన శాంపిళ్లు. మన పెద్ద లివర్ ఆసుపత్రులకు బీదర్, కలబురగి, నాందేడ్, ఒడిశా, బెంగాల్ నుంచి పేషెంట్లు వస్తారు, పశ్చిమాసియా, ఆఫ్రికా దేశాల నుంచీ వస్తారు. వాళ్ల శాంపిల్ ఇక్కడి ల్యాబ్‌లో చదివితే హైదరాబాద్ సీక్వెన్స్ అనే పేరుతో డేటాబేస్‌లోకి చేరిపోతుంది. ఒక 4 దొరికితే అది ఇక్కడ పాకుతున్నదా, ఈజిప్టు వైపు నుంచి చికిత్సకు వచ్చిన మనిషిదా అనేది పుట్టిన ఊరు, రక్తం ఎక్కించిన ఊరు అడిగితే తప్ప తెలియదు. ప్రస్తుత చిరునామా అడిగి వదిలేస్తే నగరంలో వైరస్ పటం తప్పుగా వస్తుంది. ఈ విషయం నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే ఆ తప్పు పటం పట్టుకుని ఫలానా రాష్ట్రం వాళ్లే తెచ్చారు, ఫలానా దేశం వాళ్లే తెచ్చారు అని మాట్లాడేవాళ్లు తయారవుతారు. వైరస్ మనుషుల వెంట ప్రయాణిస్తుంది, నిజమే. కానీ దాన్ని ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి దాటించేది శుభ్రం చేయని సూది, పరీక్షించని రక్తం.

ఈజిప్టే దీనికి పెద్ద ఉదాహరణ. 1950ల నుంచి 1980ల దాకా అక్కడ నత్తల ద్వారా వచ్చే పరాన్నజీవి జబ్బుకు ఊరూరా ఇంజెక్షన్లు వేశారు. సిరంజిలు సరిగా మరగబెట్టకుండా వాడటంతో జీనోటైప్ 4 దేశమంతా పాకింది. మన దగ్గర అంత పెద్ద కార్యక్రమం ఏదీ జరగలేదు గానీ, జ్వరమొస్తే సూది వేయించుకోవాలన్న అలవాటు, గాజు సిరంజిని వేడినీళ్లలో ముంచి తీసి మళ్లీ వాడటం, హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి కాకముందు ఎక్కించిన రక్తం ఉన్నాయి. వైరస్‌నే 1989లో కనిపెట్టారు. మన బ్లడ్ బ్యాంకుల్లో దానికి పరీక్ష తప్పనిసరి అయింది 1990ల ఆఖరు, 2000ల ఆరంభం మధ్యలో. అంతకు ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లు ఒక్కసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. తలసీమియా పిల్లలు, డయాలసిస్ పేషెంట్లు, సూదులతో మత్తుమందు తీసుకునేవాళ్లు ఇప్పటికీ ఎక్కువ ప్రమాదంలో ఉన్నారు. బ్లడ్ బ్యాంకు ఎలైజాతో ఆపకుండా, వైరస్ జన్యువునే నేరుగా వెతికే నాట్ పరీక్ష కూడా చేస్తే దొరకని కాలం వారాల నుంచి రోజుల్లోకి దిగుతుంది. తలసీమియా బిడ్డకు రక్తం తెచ్చేటప్పుడు నాట్ చేసినదేనా అని అడగడం తల్లిదండ్రుల హక్కు.

చికిత్సకు జీనోటైప్ కావాలా?

చాలామందికి అక్కర్లేదు. ఇప్పుడు వాడే మందులు అన్ని జీనోటైపుల మీదా పనిచేస్తాయి. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో మందులు, వైరల్ లోడ్ పరీక్ష ఉచితం. ఉస్మానియా, గాంధీ లాంటి సర్కారు దవాఖానల గ్యాస్ట్రో విభాగంలో అడిగితే దారి చెప్తారు. లివర్ గట్టిపడనివాళ్లకు సోఫోస్‌బువిర్ 400 మి.గ్రా., డక్లాటాస్విర్ 60 మి.గ్రా. రోజూ 12 వారాలు. సిరోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) ఉంటే డక్లాటాస్విర్ బదులు వెల్పాటాస్విర్ 100 మి.గ్రా. సిరోసిస్ ముదిరి పొట్టలో నీరు చేరినవాళ్లకు రైబావిరిన్ కలుపుతారు, లేదా 24 వారాలు ఇస్తారు. ఇది డాక్టరు నిర్ణయించాల్సింది, మీ అవగాహన కోసం రాస్తున్నాను.

జీనోటైప్ తెలిస్తే లాభం ఉండేది ఎవరికంటే సిరోసిస్ ఉండి 3 ఉన్నవాళ్లకు, ఒకసారి మందు వాడి తగ్గనివాళ్లకు. 3 లివర్‌లో కొవ్వు పేరుకునేలా చేస్తుంది, మచ్చ పడటం కూడా కాస్త వేగంగా జరుగుతుంది. 3బిలో డక్లాటాస్విర్, వెల్పాటాస్విర్ లాంటి ఎన్‌ఎస్5ఏ మందులకు లొంగని మార్పులు పుట్టుకతోనే ఉంటాయి కాబట్టి సిరోసిస్‌తో పాటు 3బి ఉంటే నయమయ్యే శాతం తగ్గుతుంది. ఉపరకం రాయని రిపోర్టు ఇలాంటప్పుడు ఉపయోగపడదు.

డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు సోఫోస్‌బువిర్ మంచిది కాదన్న మాట ఇంకా వినబడుతోంది. అది పాత మాట. 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డయాలసిస్ పేషెంట్లకు కూడా డోసు తగ్గించకుండా వాడవచ్చని లేబుల్ మార్చింది. కానీ మీ అమ్మగారు వేసుకునే మిగతా మాత్రల చీటీ మొత్తం డాక్టరు ముందు పెట్టండి. గ్యాస్ కోసం వేసే పాంటాప్రజోల్ వెల్పాటాస్విర్‌ను ఒంటికి పట్టనివ్వదు. ఫాస్ఫరస్ కోసం వేసే కాల్షియం కార్బొనేట్‌కూ దానికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. గుండె లయకు వాడే అమియోడరోన్‌తో సోఫోస్‌బువిర్ కలిస్తే గుండె ప్రమాదకరంగా నెమ్మదించవచ్చు. ఫిట్స్ మందులు ఫెనిటోయిన్, కార్బమాజెపైన్, టీబీ మందు రిఫాంపిసిన్ ఉంటే అసలు కుదరదు. హెపటైటిస్ బి పరీక్ష చేయకుండా మొదలుపెట్టనివ్వొద్దు. సి తగ్గుతున్న సమయంలో నిద్రపోతున్న బి లేచి లివర్‌ను దెబ్బతీసిన కేసులున్నాయి.

సెంటర్లో ఏం అడగాలి

ఈ వైరస్ డయలైజర్ (రక్తాన్ని వడకట్టే గొట్టం) పొరలోంచి దాటేంత చిన్నది కాదు. మెషిన్ లోపలి నీళ్ల దారిని అనుమానించేకంటే చేతులు, ట్రే, మందు సీసాలను చూడండి. ఎండిన రక్తపు మరకలో గది వేడిమి దగ్గర ఈ వైరస్ ఆరు వారాల దాకా బతికినట్టు ప్రయోగాల్లో తేలింది, సిరంజిలో మిగిలిన రక్తంలో 63 రోజుల దాకా. హెపారిన్ సీసా ఒకటే పెట్టి, ట్రాలీ మీద బెడ్ బెడ్‌కూ తిప్పుతూ తీస్తున్నారా? అదే నాకు మొదటి అనుమానం. మందు విడిగా ఒక శుభ్రమైన బల్ల దగ్గర తీసి, ఒక్కో పేషెంటుకు ఒక్కో సిరంజి పట్టుకెళ్లాలి. ఒక బెడ్ నుంచి ఇంకో బెడ్‌కు వెళ్లేటప్పుడు గ్లవ్స్ మారుస్తున్నారా చూడండి. రక్తం కారుతున్న ఫిస్టులా నొక్కిన చేత్తోనే పక్క మెషిన్ అలారం బటన్ నొక్కడం రద్దీ షిఫ్టుల్లో జరిగేదే. ప్రెజర్ లైన్ చివర, రక్తం మెషిన్ లోపలికి పోకుండా ఆపే చిన్న ట్రాన్స్‌డ్యూసర్ ప్రొటెక్టర్ రక్తంతో తడిస్తే వెంటనే మార్చాలి, మెషిన్ వైపు కూడా చూడాలి. డయలైజర్‌ను కడిగి మళ్లీ వాడుతుంటే దాని మీద మీ అమ్మగారి పేరు ప్రతిసారీ మీరే చదవండి. షిఫ్టు షిఫ్టుకూ కుర్చీ చేతులు, మెషిన్ ముందు భాగం, బీపీ కఫ్ తుడవాలి. 5 శాతం హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణాన్ని వందకు ఒకటి కలిపి, రక్తం చిందిన చోట పదికి ఒకటి కలిపి వాడాలి. పాత రోగి లేచేలోపే కొత్త రోగిని పిలిచే సెంటర్లో ఈ తుడవడానికి సమయమే ఉండదు.

ఫిర్యాదు చేయాలంటే సెంటర్ ఇన్‌ఛార్జికి లేదా ఆసుపత్రి ఇన్ఫెక్షన్ నియంత్రణ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ జిల్లా వైద్యాధికారికి. షిఫ్టులో అందరికీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయమని, పాజిటివ్ శాంపిళ్లు మందుకు ముందే దాచమని అడగండి. ఆ పెద్దాయన రిపోర్టు మీ చేతికెలా వచ్చిందో నాకు తెలియదు గానీ దాన్ని ఫిర్యాదుకు జత చేయొద్దు. ఆయన అనుమతి లేకుండా ఆయన జబ్బు వివరాలు బయటపెట్టడం సరికాదు. పైగా ఆయనకు కూడా మీ అమ్మగారిలాగే ఇంకొకరి నుంచి అంటి ఉండొచ్చు.

మందు పూర్తయ్యాక 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేస్తారు. అందులో వైరస్ కనబడకపోతే నయమైనట్టే. యాంటీబాడీ మాత్రం చాలా ఏళ్లు పాజిటివ్‌గానే వస్తుంది. సెంటర్ మారినప్పుడు కార్డు టెస్టు చూసి పాజిటివ్ మెషిన్ మీదికి తోసేస్తారు, అందుకని ఆ ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు కాపీ ఎప్పుడూ ఫైల్లో ముందే ఉంచండి. నయమైనవాళ్లకు మళ్లీ అంటదని లేదు. డయాలసిస్ నడిచినంత కాలం ఆరు నెలలకోసారి ఆర్‌ఎన్‌ఏ చేయించాలి. ఎప్పుడైనా మళ్లీ పాజిటివ్ వస్తే అది పాత వైరస్ తిరగబెట్టిందా, కొత్తది అంటిందా అని డాక్టరు తేల్చుకోవాల్సి ఉంటుంది, ఎందుకంటే రెండింటికీ మందు వేరు. దాన్ని తేల్చేది మందుకు ముందు ఫ్రీజర్లో దాచిన ఆ అర మి.లీ. ప్లాస్మానే. ల్యాబ్ వాళ్లు దాన్ని ఎంత కాలం ఉంచుతారో ముందే అడిగి రాయించుకోండి.